ప్రభుత్వం ఆదుకోవడం దయా, మన హక్కా?

పని, భద్రత, ప్రభుత్వ బాధ్యత అనే విషయం మీద ప్రశ్నలు పంపమని అడిగితే చాలా ఉత్తరాలు వచ్చాయి, కొన్ని కోపంతో, కొన్ని దిగులుతో, ఒకటి రెండు నన్నే నిలదీస్తూ. ఒకే సంగతి అడిగిన ఉత్తరాల్ని కలిపి ఒక్కచోట జవాబు ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: ఏళ్ల తరబడి ఉద్యోగం చేస్తూ నిజాయితీగా పన్ను కడుతున్నాను. ఆ డబ్బుతో ప్రభుత్వం పని చేయనివాళ్లకి భృతులు, పింఛన్లు ఇస్తోంది. ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోవాలి కదా? ఇందులో ప్రభుత్వానికి పనేంటి?

జవాబు: పన్ను కట్టేవాడికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది, అందుకే ముందు మీదే తీసుకున్నాను. మీరు 'పని చేయనివాళ్లు' అన్నారు కదా, వాళ్లెవరో ఒకసారి చూద్దాం. పిల్లలు, ముసలివాళ్లు, జబ్బుతో మంచాన పడ్డవాళ్లు, వైకల్యం వల్ల పని దొరకనివాళ్లు, వీళ్లందరినీ చూసుకోవడానికి ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లు, కంపెనీ మూతపడి రోడ్డున పడ్డవాళ్లు. వీళ్లని తీసేస్తే ఇంకెంతమంది మిగులుతారు? పైగా మీరూ నేనూ చిన్నప్పుడు వీళ్లలో ఉన్నవాళ్లమే, బతికుంటే ముసలితనంలో మళ్లీ ఉండబోయేవాళ్లమే.

పొదుపు మంచిదే, కాదనను. కానీ పొదుపు ఆదుకునేది చిన్న కష్టాల్లోనే. పని చేస్తూ వెన్ను విరిగినవాడికి మిగతా జీవితమంతా సరిపోయేంత డబ్బు ముందే దాచుకోవడం మామూలు జీతంతో అయ్యే పని కాదు. మరి ప్రైవేటు బీమా ఉంది కదా అంటారా, అక్కడొక చిక్కు ఉంది. జబ్బుపడే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లకే కంపెనీ ప్రీమియం పెంచుతుంది, లేదా అసలు పాలసీయే ఇవ్వదు, అంటే అవసరం ఎక్కువున్నవాడికే అందదు. ఉద్యోగం పోవడానికి బీమా అయితే ఇంకా కష్టం, ఎందుకంటే మాంద్యం వచ్చినప్పుడు లక్షలమందికి ఒకేసారి ఉద్యోగాలు పోతాయి, అంతమందికి ఒకేసారి చెల్లించి ఏ కంపెనీ నిలబడుతుంది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ, ఈ తరాన్నీ రాబోయే తరాన్నీ తప్పనిసరిగా ఒక్క నిధిలో కలపగల శక్తి ప్రభుత్వానికి మాత్రమే ఉంది. దీన్ని కనిపెట్టినవాళ్లు కార్మికుల మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా కాదు. జర్మనీని అప్పట్లో పాలించిన ఛాన్సలర్ బిస్మార్క్ 1878లో సోషలిస్టుల్ని అణచడానికి చట్టం తెచ్చిన మనిషి, అదే మనిషి 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, వైకల్య పింఛను తెచ్చాడు. కార్మికులు తిరగబడతారన్న భయం ఆయనది. కారణం ఏదైనా కానివ్వండి, ఒకసారి వచ్చాక ఆ పద్ధతిని ఆయన్ని తిట్టినవాళ్లు కూడా వదులుకోలేదు, మిగతా దేశాలు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి.

ఎవరి జాగ్రత్త వాళ్లదే అన్న పద్ధతిని కూడా ప్రపంచం చూసింది. ఇంగ్లండ్‌లో 1834లో తెచ్చిన పేదల చట్టం ప్రకారం, సాయం కావాలన్నవాడు వర్క్‌హౌస్‌లో, అంటే పేదల్ని ఉంచి పని చేయించుకునే వసతిగృహంలో, చేరాలి, అక్కడి బతుకు బయట అందరికన్నా తక్కువ కూలీకి పనిచేసేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలి. కావాలనే అలా పెట్టారు, ఎవరూ సాయం అడగకూడదని. మొగుడూ పెళ్లాల్నీ పిల్లల్నీ వేరు చేసి వేర్వేరు గదుల్లో ఉంచేవాళ్లు. దానివల్ల పేదరికం పోలేదు. పేదలు అవమానానికి భయపడి అడగడం మానేశారు, అంతే. చివరికి 1908లో అదే దేశం ముసలివాళ్లకి ప్రభుత్వ ఖజానా నుంచే పింఛను ఇవ్వాల్సి వచ్చింది, 1911లో జబ్బుకీ నిరుద్యోగానికీ బీమా తేవాల్సి వచ్చింది.

మోసం చేసి భృతి తీసుకునేవాళ్లు ఉండరా అంటే ఉంటారు, పన్ను ఎగ్గొట్టేవాళ్లు ఉన్నట్టే. వాళ్లని పట్టుకోవాల్సిందే. కానీ వాళ్ల కోసమని మొత్తం వ్యవస్థనే అనుమానం మీద కడితే ఏమవుతుందో వచ్చే ఉత్తరంలో చూడండి.

ప్రశ్న: మా అమ్మకి ఎనభై దాటాయి. వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోవడం లేదని ఆమె పింఛను ఆపేశారు. ఆఫీసుకి వెళ్తే 'సిస్టమ్ ఒప్పుకోవడం లేదు, మేమేం చేస్తాం' అన్నారు. మళ్లీ వెళ్తే ఏదో కాగితం అడిగారు, అది తెస్తే ఇంకోటి. కళ్లెదుట కూర్చున్న మనిషి బతికే ఉందని కాగితంతో రుజువు చేయాల్సిన పరిస్థితి. అమ్మ 'నాకొద్దురా ఆ డబ్బు, నన్ను తిప్పకు' అంటోంది. మేం చేసిన తప్పేంటి?

జవాబు: మీరు గానీ మీ అమ్మగారు గానీ చేసిన తప్పేమీ లేదండీ. ఇది మీ ఒక్కరికే జరిగిందీ కాదు. ఈ ఉత్తరాన్ని నేను చాలాసార్లు చదివాను, ఎందుకంటే బలహీనుల్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిది అని వ్యాసాల్లో రాయడం తేలిక, అది నిజంగా ఉందో లేదో తెలిసేది ఆ ఆఫీసు కౌంటర్ దగ్గరే.

అసలు సంగతి ఏమిటంటే, యంత్రానికీ మనిషికీ తేడా వచ్చినప్పుడు నష్టం ఎవరు భరించాలి, రుజువు ఎవరు చూపాలి? మీ అమ్మగారి విషయంలో రెండూ ఆమె నెత్తినే పెట్టారు. డబ్బున్న దేశాల్లోనూ ఇదే జరిగింది. ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' అనే వ్యవహారం తీసుకోండి. 2015 నుంచి 2019 దాకా అక్కడి ప్రభుత్వం భృతి తీసుకున్నవాళ్ల లెక్కల్ని కంప్యూటర్‌తో తనిఖీ చేసింది. పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని తీసుకుని, సమానంగా రెండేసి వారాలకి పంచి, నువ్వు ఆ వారాల్లో ఇంత సంపాదించావు, అయినా భృతి తీసుకున్నావు, కాబట్టి తిరిగి కట్టు అని నోటీసులు పంపింది. కూలీ పని, సీజన్ పని చేసేవాళ్లకి ఆదాయం అలా సమానంగా రాదు కదా, ఒక నెల ఉంటుంది, రెండు నెలలు ఉండదు. ఉద్యోగం లేని నెలల్లో చట్టప్రకారం భృతి తీసుకున్న మనిషి కంప్యూటర్ లెక్కలో దొంగ అయిపోయాడు. కాదని నిరూపించాలంటే ఏళ్ల కిందటి జీతం చీటీలు తెచ్చుకోవాలి. నాలుగు లక్షలకు పైగా అలాంటి అప్పుల్ని తర్వాత రద్దు చేసి, వసూలు చేసిన డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. దీని మీద విచారణకి వేసిన రాయల్ కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది, ఆ అప్పుల నోటీసుల తర్వాత ఆత్మహత్య చేసుకున్న కొడుకుల తల్లులు దాని ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు.

నెదర్లాండ్స్‌లో ఇంకా దారుణం. పిల్లల సంరక్షణ ఖర్చుకి సాయం తీసుకున్న వేలాది కుటుంబాల్ని పన్ను శాఖ మోసగాళ్లుగా తేల్చి, ఫారంలో ఒక సంతకం తప్పినా మొత్తం డబ్బు వెనక్కి కట్టమంది. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్ల మీద అనుమానం ఎక్కువగా పడింది. ఇళ్లు పోయాయి, కాపురాలు కూలిపోయాయి. ఆ గొడవ మీద 2021 జనవరిలో అక్కడి మంత్రివర్గం రాజీనామా చేసింది. ఈ రెండు చోట్లా డబ్బుకి కొరత లేదు, చట్టాలకీ కొరత లేదు. సాయం అడిగినవాణ్ణి ముందే దొంగలా చూడటం, అతను కాదని రుజువు చేసుకునేదాకా డబ్బు ఆపేయడం, అదీ అక్కడ జరిగిన తప్పు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. నోటిమాట వినకండి. పింఛను ఎందుకు ఆపారో, ఏ నిబంధన కింద ఆపారో రాతపూర్వకంగా ఇమ్మని అర్జీ పెట్టండి, అర్జీ ముట్టినట్టు తేదీతో రసీదు తీసుకోండి. వేలిముద్ర పడనివాళ్లకి కనుపాప గానీ, అధికారి ఇంటికొచ్చి చూసి ధ్రువీకరించడం గానీ ప్రత్యామ్నాయం ఏముందో అదే అర్జీలో అడగండి. ఆగిన తేదీ నుంచి బకాయితో సహా ఇవ్వాలని రాయండి, చాలామంది ఈ ముక్క మర్చిపోతారు, పింఛను మళ్లీ మొదలైనా పాత నెలల డబ్బు గాల్లో కలిసిపోతుంది. జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయండి, అదీ కుదరకపోతే ఉచిత న్యాయ సాయం ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లండి. అన్నిటికన్నా ముందు మీ అమ్మగారికి ఒక్క మాట చెప్పండి, ఆమె ఎవరి దగ్గరా చేయి చాచడం లేదని, బతుకంతా చేసిన చాకిరీకి సమాజం ఇవ్వాల్సిన బాకీయే అడుగుతోందని.

ప్రశ్న: యాప్ ద్వారా బండి నడుపుతాను. కంపెనీ నన్ను 'పార్ట్‌నర్' అంటుంది. యాక్సిడెంట్ అయి పదిరోజులు పడుకుంటే ఒక్కరు పలకలేదు, పైగా రేటింగ్ తగ్గి ఐడీ బ్లాక్ అయింది. నేను కార్మికుణ్ణా కాదా?

జవాబు: కాగితం మీద ఏం రాసుకున్నారన్నది ఒకటి, నిజంగా పని ఎలా జరుగుతోందన్నది ఇంకొకటి. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్ల కేసులో రెండో దాన్నే చూసింది. చార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు? కంపెనీ. ఒప్పందం షరతులు ఎవరివి? కంపెనీవే, డ్రైవర్ మాట చెల్లదు. రైడ్ వద్దంటే శిక్ష ఉందా? ఉంది. రేటింగ్‌తో అదుపు చేస్తున్నారా? అవును. ప్రయాణికుడితో డ్రైవర్ సొంతంగా సంబంధం పెట్టుకోగలడా? లేదు. ఇన్ని చూశాక వీళ్లు స్వతంత్ర వ్యాపారులు కారు, కనీస వేతనానికీ సెలవు జీతానికీ హక్కున్న కార్మికులే అని తీర్పు చెప్పింది. మీ పని కూడా ఈ ప్రశ్నలతో పోల్చి చూసుకోండి.

2024లో యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు వేసి ఒక నిర్దేశం చేసింది. కంపెనీ అదుపు, అజమాయిషీ ఉన్నట్టు కనిపిస్తే ఆ మనిషిని ఉద్యోగిగానే లెక్కించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది కంపెనీ. మనిషి ప్రమేయం లేకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎవరి ఖాతానీ మూసేయకూడదని కూడా అందులో ఉంది. మీ ఐడీ బ్లాక్ అయిన తీరు చూస్తే ఈ నియమం ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి చట్టం అన్ని దేశాల్లోనూ లేదు, రావాలి, రావాలంటే మీలాంటివాళ్లు సంఘంగా అడగాలి. ఈలోగా మీ ట్రిప్పుల లెక్క, కంపెనీ పంపిన మెసేజ్‌లు, ఐడీ బ్లాక్ అయిన స్క్రీన్‌షాట్, ఆసుపత్రి కాగితాలు అన్నీ ఫోన్‌లోనే కాకుండా వేరే చోట కూడా దాచండి. ఐడీ పోతే యాప్‌లో ఉన్న లెక్క కూడా పోతుంది.

ప్రశ్న: చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. కనీస వేతనం పెంచినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. ఇలా పెంచితే మేం మనుషుల్ని తీసేయాల్సిందే కదా, చివరికి నష్టం కార్మికుడికే కదా?

జవాబు: మీ టెన్షన్ నిజమైనదే, మీరడిగిన ప్రశ్నే ఆర్థికవేత్తలు కూడా చాలాకాలం అడిగారు, అవుననే అనుకున్నారు. 1992లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో ఉద్యోగాల లెక్క తీసి పోల్చారు. పెంచిన చోట ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రచురించారు. దాని మీద పెద్ద వాదనలే నడిచాయి, కార్డ్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని నేననను. ఆ ప్రాంతంలో నడిచే జీతాలకి అందనంత ఎత్తుకి ఒక్కసారిగా పెంచితే చిన్న యజమానులు దెబ్బతింటారు. ముందే చెప్పి, విడతలుగా పెంచడం ప్రభుత్వం పాటించాల్సిన మర్యాద.

కానీ ఒక్కటి ఆలోచించండి. మీరు సరైన జీతం ఇస్తుంటే పక్కవాడు సగం ఇచ్చి మీ ఆర్డర్లు కొట్టేస్తాడు కదా? 1909లో బ్రిటన్ పార్లమెంటులో కొన్ని పరిశ్రమలకి కనీస వేతనం తెస్తూ చర్చిల్ చెప్పిన వాదన ఇదే, మంచి యజమానిని చెడ్డవాడు దెబ్బకొడతాడు, ఆ చెడ్డవాణ్ణి ఇంకా చెడ్డవాడు దెబ్బకొడతాడు అని. మీరు అడగాల్సింది వేతనం పెంచొద్దని కాదు, తనిఖీ అందరికీ ఒకేలా ఉండాలని.

ప్రశ్న: తనిఖీలంటే లంచాలే కదండీ. నేను ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. ప్రమాదం జరిగితే యజమానికే నష్టం, అతను ఎందుకు జరగనిస్తాడు? ఇన్‌స్పెక్టర్లు లేకపోతేనే నయం.

జవాబు: ఈ మాట ఒప్పుకోలేను. లంచం ఉంటే లంచాన్ని ఆపాలి, తనిఖీని కాదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. మెట్ల వైపు తలుపుకి తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. మరి యజమానులకి ఏమైంది? అదే ఏడాది డిసెంబరులో కోర్టు వాళ్లని నిర్దోషులుగా వదిలేసింది. ఆ రోజు కిటికీల్లోంచి దూకుతున్న అమ్మాయిల్ని వీధిలో నిలబడి చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఆమె ఉంది. తర్వాత ఆమె అమెరికా కార్మిక మంత్రి అయింది, 1935 సామాజిక భద్రత చట్టం, 1938లో కనీస వేతనం, పని గంటల చట్టం వెనక ఆమె కృషి ఉంది.

పాత కథ అనుకోకండి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది, పైన బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. వాళ్లకి ప్రమాదం తెలియక కాదు వెళ్లింది, వెళ్లకపోతే జీతం పోతుందని. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి యజమానితో 'నేను రాను' అనలేడు. అతని తరఫున ఆ మాట అనడానికే ఇన్‌స్పెక్టర్ ఉన్నది. మీరు సూపర్‌వైజర్ కాబట్టి అడుగుతున్నాను, మీ ఫ్యాక్టరీలో అత్యవసర తలుపు ఇవాళ తెరుచుకుంటుందా? దయచేసి రేపు వెళ్లగానే చూడండి.

ప్రశ్న: మా అమ్మ ఇళ్లలో పని చేస్తుంది. ఒక్కరోజు రాకపోతే జీతం కోత. ఇంటిపని చేసేవాళ్లకి చట్టాలు వర్తించవని ఒకాయన అన్నారు. నిజమేనా?

జవాబు: చాలాకాలం చాలా దేశాల్లో అది నిజం, అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి లేదు. నేను పైన చెప్పిన అమెరికా 1935 చట్టంలో కూడా ఇళ్లలో పనిచేసేవాళ్లనీ వ్యవసాయ కూలీలనీ వదిలేశారు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న పనులు అవే. 1950ల్లో గానీ వాళ్లని చేర్చలేదు. ప్రపంచంలో 7.5 కోట్లకు పైగా ఇంటిపనివాళ్లు ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా, వాళ్లలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి ఏ రాతకోతలూ లేని ఉద్యోగమే. 2011లో ఆ సంస్థ 189వ ఒప్పందం చేసింది, దాని ప్రకారం ఇంటిపనివాళ్లకి కూడా మిగతా కార్మికుల్లాగే వారపు సెలవు, పని గంటల పరిమితి, కనీస వేతనం ఉన్న చోట అదీ ఉండాలి. దాన్ని మొదట ఆమోదించింది ఉరుగ్వే. ఆ దేశం అంతకుముందే, 2006లోనే, చట్టం చేసి వారానికి 44 గంటల పరిమితి పెట్టింది. ఇల్లు అనేది సొంత జాగా కదా, తనిఖీ ఎలా అనేవాళ్లకి కూడా అక్కడ జవాబు దొరుకుతుంది, ఉల్లంఘన జరిగిందని అనుమానం ఉంటే కోర్టు అనుమతితో వెళ్తారు. మీ దేశం ఈ ఒప్పందాన్ని ఆమోదించిందో లేదో, చట్టంలో ఏముందో కార్మిక శాఖ దగ్గర కనుక్కోండి. అమ్మ పనిచేసే రోజులు, అందిన జీతం ఒక నోట్‌బుక్‌లో మీరే రాసిపెట్టండి.

ప్రశ్న: మెషీన్లు వచ్చి ఉద్యోగాలు పోతున్నాయి. ప్రభుత్వం ఉద్యోగాల్ని కాపాడాలా, మనుషుల్నా?

జవాబు: మనుషుల్ని. అయితే కొన్నిసార్లు ఉద్యోగాన్ని కాపాడటమే మనిషిని కాపాడటం. 2020లో కరోనా వచ్చినప్పుడు జర్మనీ మనుషుల్ని తీసేయకుండా పని గంటలు తగ్గించే పాత పద్ధతినే వాడింది, పోయిన జీతంలో కనీసం 60 శాతం, పిల్లలున్నవాళ్లకి కనీసం 67 శాతం ప్రభుత్వ బీమా నిధి ఇచ్చింది. గిరాకీ తిరిగొచ్చాక వాళ్లు అదే పనిలో కొనసాగారు. అది తాత్కాలిక కష్టానికి పనికొస్తుంది. ఇక తిరిగిరాని ఉద్యోగం అయితే డెన్మార్క్ దారి మేలు. అక్కడ యజమాని మనిషిని తేలిగ్గానే తీసేయగలడు, కానీ బీమా నిధిలో చేరిన మనిషికి రెండేళ్ల దాకా భృతి ఉంటుంది, తక్కువ జీతగాళ్లకి పాత జీతంలో 90 శాతం దాకా, దాంతోపాటు కొత్త పని నేర్పే బాధ్యత కూడా ప్రభుత్వానిదే. చాలాచోట్ల పాలకులు ఇందులో మొదటి సగం, అంటే తేలిగ్గా తీసేయడం, గబగబా కాపీ కొట్టి, రెండో సగం దగ్గర డబ్బు లేదంటారు. మీ దగ్గరా కార్మిక చట్టాలు మారుతుంటే ఆ రెండో సగం ఎక్కడుందో, దానికి బడ్జెట్‌లో ఎంత కేటాయించారో అడగండి.